డాక్టరు చెప్పిన మామిడిపండు

ఆ వేసవిలో మా ఇంట్లో అనుమానం ముందుగా గ్లూకోమీటరు మీదకి వెళ్ళింది. ఎదురు మాట్లాడలేనిది ఇంట్లో అదొక్కటే.

నాన్న మామ్మ వేలు గుచ్చి, చుక్క రక్తం పట్టీకి అంటించి, మిషను వంక చూశాడు. అది చూపించిన అంకె ఆయనకి నచ్చలేదు. పాత రేడియోని తట్టినట్టు దాన్ని తట్టాడు. అంకె మారలేదు. బ్యాటరీ తీసి, చొక్కాకి తుడిచి, మళ్ళీ పెట్టాడు. తర్వాత తన వేలు గుచ్చుకున్నాడు. ఆ తర్వాత నా వేలు. మా ఇద్దరికీ బుద్ధిమంతుల అంకెలే వచ్చాయి. మిషను నిర్దోషి అని తేలింది. ఆ విచారణలో నా వేలికి చిల్లు పడ్డ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

"అది సైనాదిరా. ముసిలోళ్ళంటే పడదు దానికి," అంది మామ్మ, వేలు నోట్లో పెట్టుకుని.

మామ్మంటే నాన్నకి అమ్మ. పెళ్ళి చేసుకుని శ్రీకాకుళం పక్కనుంచి జంషెడ్‌పూర్ వచ్చేసింది. తాతయ్య ఇక్కడ ప్లాంటులో పని చేసేవాడు. ఆయన పోయాక నాన్న అదే ప్లాంటులో క్రేను నడుపుతున్నాడు. బారిడీహ్‌లో మాకు క్వార్టరు. వెనక వంటిల్లు, వంటింటి వెనక వరండా, మెట్లు, పెరడు, పెరట్లో మామిడి చెట్టు. కొత్తకాపురంలో తను తిని పారేసిన టెంకే ఆ చెట్టయిందని మామ్మ చెబుతుంది. నాకు మొదట్నుంచీ అనుమానమే. ఊరినుంచి ఆవిడ తెచ్చుకున్నది సువర్ణరేఖ పండు. చెట్టు కాసేది మాత్రం ఇక్కడివాళ్ళు 'బీజూ' అనే పీచు పండు. పండంతా టెంక, టెంకంతా జుట్టు.

ఆ మాటంటే మామ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "టెంక మనదే. నీళ్ళే ఈ ఊరివి. ఈ నీళ్ళు తాగి నీకు హిందీ పట్టింది, దానికి పీసు పట్టింది."

అది నిజమే. ఆవిడ తెలుగులో అడుగుతుంది, నేను హిందీలో చెబుతాను. ఇద్దరం ఎప్పుడూ ఆగి ఒకరికొకరు అర్థం చెప్పుకోలేదు. సువర్ణరేఖ సంగతి వచ్చినప్పుడల్లా ఆవిడకి ఇంకో బాధ ఉంది. "మా ఊల్లో సువర్ణరేఖంటే పండు. నోట్లో ఎట్టుకుంతాం. ఇక్కడ సువర్ణరేఖంటే ఏరు. దాని మీంచి లారీలెల్తాయి. ఇదేటి ఊర్రా బాబూ."

అసలు గొడవ పండుది కాదు, కళ్ళది. మామ్మ రెండు కళ్ళకీ పొర కమ్మింది. కుర్చీ మీద ఆరేసిన నాన్న తువ్వాలుతో "ఎప్పుడొచ్చినావమ్మా, కూకో" అని మర్యాదగా మాట్లాడిన రోజు మేం నవ్వాం. ఆవకాయ పెట్టే రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. ప్రతి ఏడూ కత్తిపీట ముందు కూర్చుని టెంకతో సహా కాయని ఒక్క దెబ్బకి కోసేది మామ్మే. ఆ రోజు కాయ బదులు వేలు పెట్టింది. గాయం పెద్దది కాదు, కానీ షుగరు ఉన్న ఒంట్లో అది ఒకంతట మానలేదు. అమ్మ కత్తిపీట కడిగి, తుడిచి, అటక మీద పెట్టేసింది. వస్తువులు అటకెక్కడమంటే ఏంటో నాకు ఆ రోజే కళ్ళారా తెలిసింది.

మామ్మ ఏడవలేదు. వంటింటి గుమ్మంలో పీట వేసుకుని, అమ్మ చాకుతో కూరలు తరుగుతుంటే చెవితో తనిఖీ మొదలుపెట్టింది. "ముక్కలు పెద్దవి పడతన్నాయి కోడలా. సప్పుడు తెలుత్తంది." కాసేపాగి, "సూపొచ్చీసిందనుకో, ఆ కత్తిపీట నాను దింపుకుంతాను," అనేది. అదీ ఆవిడకి కావలసింది. టీవీ కాదు, ఎవరి పెళ్ళీ కాదు. అటక మీద ఉన్న కత్తిపీట.

కంటి ఆపరేషను చిన్నదేనన్నారు. కానీ షుగరు దిగాలన్నారు, దిగేదాకా తారీఖు ఇవ్వం అన్నారు. అలా మేం షుగరు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆ చిన్న గదిలో నలుగురం ఇరుక్కుని కూర్చున్నాం. ఆయన మాట వేగం. మిఠాయి బంద్, చక్కెర బంద్, బంగాళాదుంప తగ్గించాలి, బజారు తిండి ముట్టుకోకూడదు, ఇంట్లో మామూలు భోజనం చెయ్యాలి, మాత్రలు మానకూడదు. షుగరు దిగితే ఆపరేషనుకి చీటీ రాస్తాను. అంతా హిందీలో, ఒక్క ఊపిరిలో. అందులో సంతోషించాల్సింది నాకేమీ కనపడలేదు. మామ్మ మాత్రం రెండు చేతులూ ఎత్తి ఆయనకి దండం పెట్టింది. ముఖం వెలిగిపోతోంది.

నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. లడ్డూ మానెయ్యమన్న మనిషికి ఎవరైనా దండం పెడతారా?

ఇంట్లో కట్టుదిట్టాలు మొదలయ్యాయి. అమ్మ చక్కెర డబ్బాని బీరువాలో చీరల కింద దాచింది. చాలా రోజులు మేమందరం చప్పటి టీ తాగాం, చీరలకి చీమలు పట్టాయి. అన్నం తగ్గింది, జొన్నరొట్టె వచ్చింది, కాకరకాయ వచ్చింది. మామ్మ అన్నీ తినేది. పేచీ లేదు, అలక లేదు. కాకరకాయ కూర రెండోసారి వడ్డించుకున్న రోజు నేను అమ్మ వంక చూశాను. అమ్మ నా వంక చూసింది. మా వంశంలో ఎవరూ కాకరకాయ కూర రెండోసారి వడ్డించుకోలేదు.

ఇంత చేసినా షుగరు దిగలేదు సరికదా, ఎక్కింది. డాక్టరు అంకె చూసి, మా ముఖాలు చూసి, చీటీ రాయకుండా పంపేశాడు. గ్లూకోమీటరు మీద విచారణ జరిగింది ఆ సాయంత్రమే.

అది నిర్దోషి అయ్యాక అనుమానం మాత్రల మీదకి మళ్ళింది. ఇవి అసలువో కావో అని అమ్మకి సందేహం. ఇంకో దుకాణంలో కొన్నాం. అంకె కదల్లేదు. తర్వాత పక్కింటి ఆంటీ దొరికింది. ఆవిడది బీహారులో ఛప్రా వైపు. వెనక గేటులోంచి గిన్నె ఇవ్వడం, గిన్నె పుచ్చుకోవడం ఇరవై నాలుగు గంటలూ సాగుతుంది. "ఆ గిన్నెలో ఏటొత్తందో మనకేటి తెలుసు," అంది అమ్మ, ఆవిడతోనే రోజూ పొద్దున్న వాకింగుకి వెళుతూ. ఒక గిన్నెని దారిలోనే పట్టుకుని మూత తీశాం. ఆమ్ ఝోరా. పచ్చి మామిడికాయని నిప్పుల మీద కాల్చి, గుజ్జు తీసి, వేయించిన జీలకర్ర, నల్ల ఉప్పు, పుదీనా వేసి నీళ్ళలో కలుపుతారు. వడగాలికి అంతకంటే మంచి తాగుడు ఈ ఊళ్ళో లేదు. రుచి చూశాను. చక్కెర పలుకు కూడా లేదు. ఆంటీ కూడా నిర్దోషే. ఆధారాన్ని నేను పూర్తిగా తాగేశాను.

తర్వాత నా వంతు. నేనప్పుడు రైల్వే పరీక్ష రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్నాను. ఖాళీగా ఉన్నాననే మాటకి అది గౌరవమైన రూపం.

"నువ్వు గానీ బయటనుంచి రసగుల్లా తెచ్చి పెడతన్నావేట్రా మామ్మకి?" అన్నాడు నాన్న.

"పాపా, మై లాతా తో మై హీ ఖాతా."

తెస్తే నేనే తినేవాణ్ణి కదా అని. నాన్న నా గుణం తెలిసినవాడు కాబట్టి నమ్మాడు.

ఇదంతా మామిడిపళ్ళ కాలంలోనే జరుగుతోంది. అమ్మ ఫోన్లో మామిడి మహత్యాలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం అమ్మ పైకి చదివింది. మామిడిపండు కంటికి మంచిదట, చర్మానికి మంచిదట, అరుగుదలకి మంచిదట, గుండెకి మంచిదట. మామ్మ గుమ్మంలో కూర్చుని తల పంకించింది. నేను ఫోను లాక్కుని మిగతాది చదివాను. కిందకి వెళ్ళేకొద్దీ మామిడిపండు మొండి రోగాలనుంచి కోర్టు కేసుల దాకా అన్నీ కుదిర్చేట్టుంది. పంపినవాడి పళ్ళ దుకాణం ఎక్కడుందో మాత్రం రాయలేదు.

అబద్ధాలు తీసేస్తే అందులో నిజం కూడా ఉంది. పండుకి ఆ పసుపు రంగు తెచ్చే పదార్థమే ఒంట్లో 'ఎ' విటమిన్ అవుతుంది, అది కంటికి అవసరం. సి విటమిన్ ఉంది. పీచు ఉంది, మా చెట్టు పండులోనైతే తాడు పేనుకునేంత ఉంది. కానీ 'ఎ' విటమిన్‌కి కంటి పొర కరగదు. పండులో ఉన్న తీపి మాత్రం రక్తంలోకి వెళ్ళి తన పని తాను చేస్తుంది. కంటికి మంచిదని తిన్న పండు కంటి ఆపరేషనుని ఆపగలదు. ఇది నేను అప్పుడు పైకి అనలేదు. మామ్మ మామిడిపళ్ళు తింటోందని ఎవరికీ తెలీదు కాబట్టి.

నాకు తెలిసింది ఆవు వల్ల.

మా వీధిలో ఖటాల్, అంటే పాలపాక, వాళ్ళ ఆవులు పొద్దున్నే పాలు పితికించుకుని ఊరి మీద పడతాయి. అందులో ఒక తెల్లావు కొన్నాళ్ళుగా మా వెనక గేటు దగ్గరే నిలబడుతోంది. ఆంటీ గేటు దగ్గర రొట్టెలు దొరుకుతాయి, అక్కడ నిలబడదు. మా ఇంట్లో దానికి దొరికేది కాకరకాయ గింజలు. ఐనా మా గేటే. ఒకరోజు దానికి ఎదురుగా నిలబడి చూశాను. మూతి చుట్టూ పసుపు రంగు. కింది పెదవికి ఒక పీచు అంటుకుని ఉంది.

ఇంకో సంగతి అప్పుడు తట్టింది. ఏటా ఈ రోజుల్లో పొద్దున్నే చెట్టు కింద రాలిన పళ్ళు ఏరుకునేవాళ్ళం. ఆ ఏడు ఒక్కటీ దొరకలేదు. ఉడతలని అమ్మ తిట్టింది, చిలకలని నాన్న తిట్టాడు. టెంకలు కూడా మింగే ఉడతలు ఎక్కడివని ఎవరూ అడగలేదు.

మర్నాడు నాన్న తెల్లవారుజాము ఎ షిఫ్టుకి వెళ్ళిపోయాక, అమ్మా ఆంటీ వాకింగుకి బయల్దేరాక, నేను నా జీవితంలో మొదటిసారి అంత పొద్దున్న మంచం దిగాను. వరండా తలుపు సందులోంచి చూశాను.

మామ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన నీళ్ళ బకెట్టు, అందులో పళ్ళు తేలుతున్నాయి. వేడి చెయ్యకుండా ఉండాలంటే పండుని నీళ్ళలో నానబెట్టాలని ఆవిడ పద్ధతి. ఒక పండు తీసి, అరచేతుల మధ్య దొర్లించి మెత్తగా చేసింది. ముచిక కొరికి ఉమ్మేసింది. ముందొచ్చే సొన బొట్టు నేలకి పిండేసింది. అప్పుడు నోట్లో పెట్టుకుంది. కోసుకు తినేవాళ్ళంటే ఆవిడకి చిన్నచూపు. "కోసుకు తినీవోడికి పండు మీద అనుమానం," అంటుంది. జుర్రుకోవడమయ్యాక తొక్క ఆవుకి చాపింది. టెంకని చీపురుతో చేసినట్టు నాలికతో శుభ్రం చేసి, వెనక్కి చూడకుండా కంచె మొక్కల్లోకి విసిరింది. ఆ విసురు వెనక చాలా సాధన ఉంది.

నేను తలుపు తీశాను. "మామ్మా, యే క్యా చల్ రహా హై?"

ఉలిక్కిపడలేదు. అదే నన్ను కంగారు పెట్టింది. దొంగలు ఉలిక్కిపడాలి.

"లేచినావేటి ఇంత పొద్దున్న? ఒంట్లో బాలేదా?" అంది. చెయ్యి బకెట్టులోకి వెళ్ళింది.

"యే ఆమ్ కౌన్ దియా ఆపకో?"

"ఎవులివ్వాలి? రాలినవే. 'దబ్' మంతే పండు, 'టక్' మంతే కాయ. సప్పుడైన సోటకి ఎల్లి కర్రతో తడుముకుంతాను."

"షుగర్ హై నా మామ్మా! డాక్టర్ మనా కియా థా నా!"

ఆవిడ నా వైపు తిరిగింది. నిజంగా ఆశ్చర్యపోయినట్టే ఉంది ముఖం. "మనా సెయ్యడమేటి? డాక్టరు బాబు తినమన్నాడు గదా. అందుకే తింతన్నాను. మందు కదాని పరగడుపున తింతన్నాను."

"కబ్ బోలా?"

"నువ్వూ ఉన్నావు ఆ రోజు. ఫోన్లో తల దూర్సీసి ఉన్నావు, నీకేటి ఇనపడతాది? 'ఘర్ కా ఆమ్ ఖానా ఖాయియే' అన్నాడా లేదా?"

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. అన్నాడు. అక్షరాలా అదే మాట అన్నాడు.

"ఘర్ కా ఆమ్," అని మామ్మ చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "ఇంటి మామిడిపండు. బజారుది తినొద్దన్నాడు. బజారువోళ్ళు పొడులేసి ముగ్గెడతారు, దాన్ల ఇసముంతాది. ఇంటిది తినమన్నాడు. ఎంత సదువుకున్నోడో సూడు, మనింట్లో సెట్టుందని కూడా తెలుసుకున్నాడు."

హిందీలో ఆమ్ అంటే మామిడిపండు. ఆమ్ అంటే మామూలు అని కూడా. ఘర్ కా ఆమ్ ఖానా అంటే ఇంట్లో వండుకునే మామూలు భోజనం. డాక్టరు చెప్పింది అన్నం, పప్పు, రొట్టె. మా మామ్మ విన్నది పండు. ఇది నేను తెలుగులో చెప్పాల్సి వచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత ఆవిడతో వరసగా తెలుగు మాట్లాడింది ఆ ఉదయమే.

మధ్యాహ్నం నాన్న షిఫ్టు నుంచి వచ్చాక ఇంట్లో కోర్టు కూర్చుంది. కోర్టంటే, నాన్న చొక్కా విప్పకుండా మంచం మీద, అమ్మ తలుపుకి ఆనుకుని, మామ్మ పీట మీద. బకెట్టు మధ్యలో. నేను జరిగింది చెప్పాను. నాన్న మొదట కళ్ళెర్రజేశాడు. తర్వాత 'ఘర్ కా ఆమ్' దగ్గర నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదలడం మొదలయ్యాయి. అమ్మ ఆయన్ని చూసి గోడవైపు తిరిగింది.

"రోజుకెన్ని తిన్నావత్తా?" అని అడిగింది, గొంతు సర్దుకుని.

"పెద్ద పళ్ళైతే సెప్పగలను. ఇవి బీజూలు. వీట్లకి లెక్కేటి?"

అప్పుడు నాన్న పగలబడి నవ్వాడు. అమ్మ నవ్వింది. నేను నవ్వాను. మామ్మ నవ్వలేదు. మసకబారిన కళ్ళతో మా ముగ్గురి నవ్వు వచ్చిన వైపు చూస్తూ కూర్చుంది.

"అంటే... నా సూపు నానే తినీసినానేటి?" అంది.

నాన్న తువ్వాలు దించాడు. అమ్మ కళ్ళలో నీళ్ళు తిరగడం మొదలైంది. ఇంకాస్త ఆగితే అందరూ ఒకేసారి ఏడ్చేలా ఉన్నారు. తువ్వాలేమో ఒక్కటే ఉంది.

"లేదు మామ్మా," అన్నాను తెలుగులోనే. "చూపు అక్కడే ఉంది. నువ్వు తినేసింది తారీఖుని. అది మళ్ళీ కాస్తుంది."

"తారీకేనా?"

"తారీఖే."

"అయితే సరే," అని బకెట్టుని కాలితో నా వైపు తోసింది. "నువ్వు తినీ. పాడైపోతాయి."

ఆ రోజు నుంచి ఆవిడ పండు ముట్టుకోలేదు. రాత్రి పండు రాలితే "అదుగో, దబ్" అని మాకు చెప్పేది, అంతే. అమ్మ పచ్చి మామిడి వైపు దారి మళ్ళించింది. మామిడికాయ పప్పు, బెల్లం వెయ్యని తురుము పచ్చడి, మజ్జిగలోకి పచ్చిముక్క ఉప్పు తక్కువేసి. ఆంటీ గిన్నెలో ఆమ్ ఝోరా కొనసాగింది, ఈసారి పోలీసు తనిఖీ లేకుండా. ఆవకాయ దగ్గర నాన్నే కాపలా, ఎందుకంటే దాంట్లో తీపి లేకపోయినా ఉప్పు ఉంది, మామ్మకి బీపీ కూడా ఉంది. మామ్మ దగ్గర అన్నీ ఉన్నాయి, చూపు తప్ప.

నాకు మాత్రం నిద్ర పట్టని అనుమానం ఒకటి మిగిలింది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఈ ఊళ్ళో ఉన్న మనిషి. కూరలవాడితో హిందీలో పోట్లాడి కొత్తిమీర ఊరికే వేయించుకునే మనిషి. నేను హిందీలో గొణిగిన తిట్లు కూడా అర్థం చేసుకునే మనిషి. ఈవిడకి ఆమ్ అంటే మామూలు అని తెలీదా?

అమ్మతో అన్నాను. "తప్పురా, పెద్దావిడ," అంది అమ్మ గిన్నెలు తోముతూ. రెండు గిన్నెలయ్యాక, "నాకూ అనిపించిందిలే," అంది. నాన్నతో అంటే, "మా అమ్మకి అబద్ధం రాదు," అన్నాడు. కొడుకులు ఇచ్చే సర్టిఫికెట్లకి విలువ లేదు. నేను సొంతంగా వల వేశాను. కరెంటు పోయిన ఒక సాయంత్రం, విసనకర్రతో విసురుతూ, మాటల్లో మాటగా అన్నాను.

"క్యా కరేఁ మామ్మా, ఇస్ మౌసమ్ మే లైట్ జానా తో ఆమ్ బాత్ హై."

ఈ కాలంలో కరెంటు పోవడం మామూలు విషయం అని అర్థం. అర్థమైతే "అవున్రా" అనాలి.

మామ్మ విసనకర్ర గాలిలోకి ముఖం పెట్టి, కళ్ళు మూసుకుని ఉంది. "మామిడిపండు మాటెత్తకురా నా దగ్గర," అంది. "మానీసినాను."

అంత శుభ్రంగా తప్పించుకున్న ముద్దాయిని నేను చూడలేదు.

నెమ్మదిగా అంకె దిగింది. దిగిన రోజు నాన్న మిషనుని మళ్ళీ తట్టాడు, ఈసారి మెచ్చుకున్నట్టు. షుగరు డాక్టరుకి ఆమ్ కథంతా చెబితే ఆయన అద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. చీటీ రాశాడు. అడగకుండానే ఇంకో మాట కూడా చెప్పాడు. ఈవిడ అంకె ఇలాగే అదుపులో ఉంటే ఎప్పుడైనా రెండు మూడు చిన్న ముక్కలు తినొచ్చు, రసం తియ్యకూడదు, కడుపునిండా అన్నం తిన్నాక దాని మీద తినకూడదు, తిన్న తర్వాత వేలు గుచ్చి చూసుకోవాలి. చెప్పి, మామ్మ వైపు వంగి, "ఔర్ మాతాజీ, సాదా ఖానా," అన్నాడు. ఆమ్ అనే మాట వాడలేదు. ఆయనకీ అనుమానం పట్టుకుంది.

కంటాసుపత్రిలో చేర్చుకునే కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాం. నాన్న కాగితాలు తీసుకోవడానికి అటు వెళ్ళాడు. కిటికీలో కుర్రాడు తలెత్తకుండా అడిగాడు, స్పెషల్ రూమా, జనరల్ వార్డా అని. నేను నోరు తెరిచేలోపు మామ్మ నా భుజం పట్టుకుని ముందుకి వంగింది.

"అరే బాబూ, హమ్ తో ఆమ్ లోగ్ హై. జనరల్ మే డాల్ దో."

స్పష్టమైన హిందీ. మేం మామూలు మనుషులం అని. ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు.

నేను ఆవిడ ముఖంలోకి చూశాను. ఆవిడ ఎటో చూస్తోంది. పొర ఉన్న కళ్ళకి ఆ సదుపాయం ఉంది, ఎటు చూస్తున్నాయో ఎవరూ రుజువు చెయ్యలేరు.

"మామ్మా," అన్నాను మెల్లగా. "ఆమ్ లోగ్ అంటే ఏటి?"

కొంచెం ఆలోచించింది. "మామిడిపళ్ళు తినీవోళ్ళు," అంది. "పద, మనల్ని పిలుత్తన్నారు."

ఒక కంటికి ముందు చేశారు. పట్టీ విప్పిన రోజు మామ్మ మొట్టమొదట చూసింది నన్ను. "ఇలగున్నావేట్రా," అని బాధపడింది. ఇంటికొచ్చాక తువ్వాలు వంక చూసి, కుర్చీ వంక చూసి ఏమీ అనలేదు. అటక వైపు మాత్రం చాలాసేపు చూసింది. కొన్నాళ్ళు వంగకూడదు, బరువెత్తకూడదు, కంట్లో చుక్కలు మానకూడదు అన్నారు. కాబట్టి ఆ చూపు అక్కడే ఆగింది.

వంగొచ్చు అని డాక్టరు చెప్పే వేళకి మా చెట్టు ఖాళీ అయిపోయింది. నాన్న పర్సుడీహ్ మండీ నుంచి చివర్లో వచ్చే చౌసా పళ్ళు తెచ్చాడు. బజారువి. మామ్మ ఒకటి తీసి ముచిక దగ్గర వాసన చూసింది, గోటితో నొక్కింది, నాన్న వంక అనుమానంగా చూసింది. చివరికి, "పరవానేదు, పొడెయ్యనేదు," అని తీర్పు చెప్పింది. సాయంత్రం, భోజనానికీ భోజనానికీ మధ్య, అమ్మ వంటింట్లోంచి పళ్ళెం తెచ్చింది. మూడు ముక్కలు.

మామ్మ ఒక ముక్క వేళ్ళతో ఎత్తింది. కిటికీ వెలుగుకి అడ్డంగా పట్టింది. కొత్త కంటితో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేటి కోడలా? ముక్కా, కాయితమా? దీన్లోంచి నా మనవడు కనపడతన్నాడు."

"కనపడతన్నాడు కదత్తా," అంది అమ్మ. "అయితే ఆపరేషను బాగా అయినట్టే."

మామ్మ ఆ ముక్క నోట్లో వేసుకుంది. నమిలినట్టు లేదు, చదివినట్టు ఉంది. అమ్మ వంక చూసింది. పళ్ళెం వంక చూసింది. పొర కమ్మిన రోజుల్లో తన కంచంలో ఏమేం ఎంతెంత పడిందో అంతా ఒకసారి వెనక్కి లెక్క వేసుకుంటున్నట్టుంది. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా వెనక్కి జరిగింది.

"ఒరే," అని మామ్మ నన్ను పిలిచింది. "ఆ అటకెక్కి కత్తిపీట దింపు. మిగతా పండు నాను కోత్తాను."